ఎర్రజెండా అవతలి మనుషులు

హఫీజ్‌పేట్ స్టేషన్లో ఫైరింగ్ సాధనకు వచ్చిన మా పటాలం దిగేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. గుడారాలు, రేషను, నా మందుల పెట్టె లారీకి ఎక్కించి, కొత్తగూడ మీదుగా మట్టిబాటలో గోపన్‌పల్లి వైపు సాగాం. ఇప్పుడు ఆ దారి పొడవునా అద్దాల మేడలు. అప్పుడు బండలే. ఏనుగులంత గుండ్లు ఒకదాని మీద ఒకటి. నడుమ సీతాఫలం పొదలు. దిగువన ఎండిన వాగు, అందులో మిగిలిన ఒక్క మడుగు.

నేను నర్సింగ్ అసిస్టెంటుని. మా సుబేదారు మదనపల్లె వైపు మనిషి. దిగీ దిగగానే ఉత్తర్వు చెప్పాడు.

"ఫైరింగ్ రోజున పొద్దున ఏడుకు ఎర్రజెండా లేస్తాది. లేచినాక గుట్టకూ వాగుకూ మధ్యన పిట్ట కూడా ఉండకూడదు. మోర్టారు గుండుకు కండ్లుండవు."

యుద్ధంలో నాది ఆసుపత్రి గుడారం డ్యూటీ. అక్కడ కూర్చునే తీరిక దొరకలేదు. ఇక్కడ తీరిక దొరికింది కానీ కూర్చోవడం చేతకాలేదు. సర్దిన మందుల పెట్టే మళ్లీ సర్దేవాణ్ని. అన్నం ముందు పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు లేచిపోయేవాణ్ని. ఎవరూ పిలిచేవారు కాదు.

మరునాడు గుట్ట ఖాళీగా ఉందో లేదో చూసి రమ్మని నన్నూ సిగ్నల్ జవానునీ పంపారు. అతనిది వరంగల్ దగ్గరి ఊరు. వీపున రేడియో. గుట్ట వెనక పొగ కనబడి అటు నడిచాం. రాళ్ల సందులోంచి ఒక ఆడమనిషి కేక వేసింది.

"ఆగుండ్రి! ఆడనే ఆగుండ్రి! మాకు పెద్దరోగం ఉన్నది!"

కుష్ఠు. మొత్తం నలుగురు. కేక వేసినావిడ బాలమ్మ. కొంగు ముఖం మీదికి లాక్కుని నిలబడింది. లోపల పెంటయ్య అనే ముసలాయన, ఎవరితోనూ మాట్లాడని ఇద్దరు అన్నదమ్ములు. తలా ఒక ఊరి నుంచి వెళ్లగొట్టబడి, ఆ రాళ్ల కింద కలిశారు. పెంటయ్య పాదాలకు పుళ్లు. ఒకదాంట్లో పురుగులు.

"పోకన్నా," అన్నాడు సిగ్నల్ జవాను, నా మోచెయ్యి పట్టుకుని.

మా అమ్మ గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. కుష్ఠురోగుల కట్లు ఉతికి ఆరేసేది. తీగల మీద ఆరే ఆ కట్ల నీడన ఆడుకుంటూ పెరిగాను. మాది మాలపల్లె. ఊరి బావికి ఎడంగా నిలబడి, ఎవరైనా కడవలో నీళ్లు పోస్తారేమోనని ఎదురుచూడటం నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెయ్యి విడిపించుకుని వెళ్లాను. నీళ్లు కాచి పుళ్లు కడిగాను. పురుగులు తీశాను. పెంటయ్య నా ముఖం చూడలేదు. తన పాదాన్ని పట్టుకున్న నా చేతులనే చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఖాళీ దొరికినప్పుడల్లా గుట్టకు వెళ్లాను. ఫైరింగ్ ఇంకా మొదలుకాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బాలమ్మ అడిగింది.

"నీకు రోత అనిపియ్యదా, కొడుకా? ఎవలు పంపిన్రు నిన్ను?"

మా అమ్మ దగ్గర విన్నదే చెప్పాను. యేసు ప్రభువు ముందు ఒక కుష్ఠురోగి మోకాళ్ల మీద పడితే, చుట్టూ ఉన్నవాళ్లు తప్పుకున్నారనీ, ఆయన మాత్రం చెయ్యి చాపి ముట్టుకున్నాడనీ, రోగం పోయిందనీ చెప్పాను. నేను ఆయన మనిషిననీ చెప్పాను.

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. తర్వాత, "గాయనకు రోగం పోయింది, మంచిదే. మరి ఊరోళ్లు ఇంటికి రానిచ్చిన్రా?" అంది.

ఆ కథ చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

"తెలియదమ్మా," అన్నాను.

"నేర్సుకొని రా," అంది.

ఆ వారమే ఫైరింగ్ మొదలైంది. జెండా లేవకముందే నలుగురినీ వాగు అవతలికి చేర్చాం. పెంటయ్యను అన్నదమ్ములు దుప్పటిలో మోశారు. నేనూ సిగ్నల్ జవానూ ఎత్తు బండ మీద కాపలాకు ఎక్కాం. మొదటి రెండు గుండ్లు దూరంగా పడ్డాయి. పొగ తేలిపోగానే, రాళ్ల మధ్య ఎర్రటి చీర కనిపించింది.

సిగ్నల్ జవాను రేడియో అందుకున్నాడు. "ఫైర్ ఆపండి! ఫైర్ ఆపండి! రేంజిలో మనుషులున్నరు!"

అవతల గరగర. ఆ గరగరలోనే మూడో గుండు ఈలవేస్తూ వచ్చి గుట్ట పక్కన పడింది. నేను అప్పటికే బండ దిగి పరుగెత్తుతున్నాను. వెనక నుంచి అతని అరుపు వినిపించింది. "ఆపిన్రు! ఉరుకు!"

బాలమ్మ పెంటయ్య మీద వంగి, తన ఒంటితో కప్పేసి ఉంది. మడుగు దగ్గర గేదెల కాపరులు రాళ్లతో కొట్టారట. నీళ్లు చెడిపోతాయని. అన్నదమ్ములు పొదల్లోకి పారిపోతే, పెంటయ్యను ఆవిడే మళ్లీ గుట్టకు ఈడ్చుకుంటూ తెచ్చింది. ఆవిడ నుదురు పగిలి నెత్తురు కారుతోంది.

"గుండ్లు మమ్ముల ఎరికుండి కొడ్తలేవు గద," అంది.

పెంటయ్యను వీపున వేసుకున్నాను. పిల్లవాడి బరువు. గుట్ట దిగేటప్పుడు తన చెంప నా మెడకు ఆనించాడు. తడిగా తగిలింది.

సుబేదారు దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క నిమిషం తేడా అయింటే ఏం జెప్పేది నేను పైవాళ్లకు? యాడ పెడతావు వీళ్లను?"

"నా గుడారంలో, సాబ్."

ఆయన పెంటయ్య పాదాలు చూశాడు. బాలమ్మ నుదురు చూశాడు. "పూచీ నీది," అని పక్కకు జరిగాడు. సాయంత్రానికి అన్నదమ్ముల్ని ఆయనే జీపు పంపించి వెదికించాడు. నా గుడారంలో ఉండే ఇంకో జవాను పరుపు చుట్టుకుని వెళ్లిపోయాడు. వంటవాడు రొట్టెలు తెచ్చి దూరంగా బండ మీద పెట్టి పోయాడు. నేను ఆ రొట్టెలు తెచ్చుకుని వాళ్లతో కూర్చుని తిన్నాను.

పెంటయ్య ఎక్కువ రోజులు బతకలేదు. జ్వరం తగ్గలేదు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "ముట్టుకున్నాయన పేరేందంటివి?" అన్నాడు.

"యేసు."

పెదవులతో రెండుమూడు సార్లు పలికి చూసుకున్నాడు. "మంచిగుంది," అన్నాడు. పొద్దు వాలకముందే పోయాడు. ఊరివాళ్లు శవాన్ని తమ శ్మశానంలోకి రానివ్వలేదు. గుట్ట పక్కన తవ్వడం మొదలుపెట్టాను. కాసేపటికి సిగ్నల్ జవాను వచ్చి నా చేతిలోంచి పార తీసుకున్నాడు. నేను ప్రార్థన చేస్తుంటే సుబేదారు టోపీ తీసి నిలబడ్డాడు.

వానలకు ముందు మాకు తిరుగు ఉత్తర్వులు వచ్చాయి. మిగిలిన ముగ్గురినీ దూరంగా ఉన్న ఒక మిషన్ దవాఖానకు చేర్చడానికి సుబేదారు లారీ ఇచ్చాడు. వాళ్లను అక్కడ దించి, హఫీజ్‌పేట్‌లో రైలెక్కి సెలవు మీద ఇంటికి వచ్చాను. ఆదివారం గుడిలో సంఘపెద్ద నన్ను నిలబెట్టి అడిగాడు. "ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించావు నాయనా?"

"తెలియదండి," అన్నాను. కూర్చోలేక బయటికి వచ్చేశాను.

అప్పటికీ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నది ఆ లారీ ప్రయాణమే. కొత్తగూడ దగ్గరపడగానే బాలమ్మ నా చొక్కా పట్టి లాగింది. "నా బిడ్డను ఇచ్చిన ఇల్లు గదే. జర మెల్లగ పోనియ్యమను." డ్రైవరు వేగం తగ్గించాడు. బాలమ్మ ముఖం మీది కొంగు తీసేసింది. పెంకుటింటి ముందు, చంకలో పసివాడితో ఒక అమ్మాయి. లారీ వైపు చూసి బిగుసుకుపోయింది. లోపలి నుంచి ఎవరో గట్టిగా అరిచారు. అమ్మాయి లోపలికి పోలేదు. ముందుకూ రాలేదు. పసివాణ్ని రెండు చేతులతో తన తలపైకి ఎత్తింది, వాడి అమ్మమ్మకు బాగా కనబడేలా. మధ్యలో దుమ్ము లేచింది. లారీ మలుపు తిరిగేదాకా ఆ చేతులు దించలేదు.