అందరి దవాఖాన

మొన్న కరీంనగర్‌లో ఇంజెక్షన్ చేయించుకోవడానికి వెళ్ళాను. నర్సమ్మాయి నా జబ్బ మీద స్పిరిట్ దూది రుద్దగానే ఆ చల్లదనం, ముక్కుకెక్కే ఆ వాసన నన్ను చాలా దూరం తీసుకుపోయాయి. ఎదుటి గోడమీద టీవీలో పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. దేశంలో అందరికీ సర్కారే వైద్యం చేయించాలని ఒకాయన, ఉన్నవాళ్ళకు ఎందుకు, లేనివాళ్ళకు చేస్తే చాలునని ఇంకొకాయన. నాకు ఆ మాటలు కొత్త కాదు. నా తల ఇంకా నెరవని రోజుల్లో, మంచిర్యాల దగ్గరి ఒక చిన్న ఊళ్ళో, పెంకుల కప్పు దవాఖానలో అవే మాటలు విన్నాను. వత్సలాబాయి డాక్టరమ్మ నోట విన్నాను.

నేను మగ్గం నేసే ఇంటి పిల్లను. నర్సు ట్రైనింగ్ అయిపోయి మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే చేశాను. ఆమెది ఆదిలాబాద్. ఇంట్లో మరాఠీ, హైదరాబాద్‌లో చదువు, మా దగ్గర మా తెలుగు. ఆమె దవాఖానలో ఒకటే పద్ధతి. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను మొదట చూస్తుంది. మిగిలిన వాళ్ళంతా వసారాలోని పొడుగు బెంచీ మీద వచ్చిన వరుసలో కూర్చోవాల్సిందే. ఒకసారి కిరాణా సేటు కడుపు నొప్పితో వచ్చి, కూర్చోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "కూసోండి సేట్, జాగ ఉన్నది గద," అని డాక్టరమ్మ బెంచీ చూపించింది. ఒక పక్క బొగ్గుబాయి కూలీ, ఇంకో పక్క అడవిలోంచి నడిచి వచ్చిన గోండు ముసలమ్మ. సేటు ధోవతి సర్దుకుని కూర్చున్నాడు. ఆయన మొహాన ఎండ పడుతోందని ముసలమ్మే అవతలికి జరిగి నీడలో చోటిచ్చింది. డాక్టరమ్మ అది చూసి, ఆ పూటంతా హుషారుగా పనిచేసింది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. ఒకనాటి మీటింగుకు నన్ను కూడా వెంట తీసుకుపోయింది. మా ఊళ్ళో శిస్తు వసూలు చేసే మాలీపటేల్ లేచి, దవాఖానను పేదవాళ్ళ వరకే ఉంచాలన్నాడు. "ఉన్నోళ్ళకు గూడ ఉత్తగనే మందులిస్తె ఎట్ల డాక్టరమ్మా? మేము మంచిర్యాలల చూపెట్టుకుంటం."

"పటేల్, రేపు మందులు రాకుంటె కలెక్టర్ కాడికి ఎవరు పోతరు? గా గోండు ముసలమ్మ పోతదా? మీరే పోవాలె. మీ ఇంట్ల మనిషి గూడ గదే మందు తాగితెనే మీరు పోతరు."

"మా ఇంటి ఆడోళ్ళు వచ్చి గా బెంచీ మీద కూసుంటరా?"

"ఎందుకు కూసోవద్దు? ఎవరింటోళ్ళో బెంచీకి తెలుస్తదా?"

అందరూ నవ్వారు. పటేల్ నవ్వలేదు.

ఆ వానాకాలంలోనే పటేల్ కోడలు సుశీల ఇంట్లో ప్రసవించింది. మగపిల్లవాడు. కొద్దిరోజులకు పటేల్ జీతగాడు పోశెట్టి బండి తోలుకుని వచ్చాడు. జ్వరాల కాలం కావడంతో వసారా నిండి ఉంది.

"అమ్మా, చిన్నదొరసానికి జ్వరమట. మిమ్ముల తోల్కరమ్మన్నడు పటేల్."

"బండి ఉత్తగ తెచ్చినవా? అండ్లనే ఆమెను పండవెట్టుకొని రావద్దా?"

"నాకేం ఎరుక అమ్మా, చెప్పమన్నది చెప్పిన."

"పోయి ఈడికి తెమ్మను. వచ్చిన ఎంటనే చూస్త. గింతమందిని ఇడిసిపెట్టి నేను రాను."

బండి ఖాళీగా తిరిగిపోయింది. మర్నాడు మళ్ళీ ఖాళీగానే వచ్చింది. డాక్టరమ్మ మొహంలో కలవరం కనిపించింది కానీ జవాబు మారలేదు. "తెస్తరు, తేకుండ ఎట్లుంటరు," అని తనలో తాను అనుకున్నట్టు అన్నది. ఆ తర్వాత వాళ్ళు తెచ్చేసరికి సుశీలకు ఒంటిమీద తెలివి లేదు. డాక్టరమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా బండి దగ్గరికి ఉరికింది. బండిలోనే పెన్సిలిన్ సూది పొడిచింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. పటేల్ బండి చక్రం పట్టుకుని నిలబడి, ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే డాక్టరమ్మకు కొంత తేలికయ్యేదేమో.

చాలా రోజులు గడిచాయి. ఒకనాడు నేను సూదులు ఉడకబెడుతుంటే డాక్టరమ్మ పక్కన వచ్చి కూర్చుంది. "బిడ్డా, నేను పటేల్‌తోని కొట్లాడుతున్న అనుకున్న. నడుమల గా పిల్ల ఉన్నదని మర్చిపోయిన."

అప్పటినుంచి బెంచీ ఖాళీ అయ్యాక ఇళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టింది. రాలేనివాళ్ళు ఎవరున్నారని వాడవాడనా అడిగేది. మొదట పోయింది పటేల్ ఇంటికే. పటేల్ భార్య మనుమణ్ణి ఒళ్ళో వేసుకుని అరుగు మీద ఉంది. డాక్టరమ్మ వాకిట్లోనే నిలబడి, "నేను రావాల్సి ఉండె తల్లీ," అన్నది.

ఆమె మనుమణ్ణి ఒళ్ళో సర్దుకుంది. "నిన్ను తిట్టని దినం లేదమ్మా," అన్నది. "గని బండి మా వాకిట్లనే ఉండె గద. ఎక్కియ్యకపోతిమి." కళ్ళు తుడుచుకుని, "పిల్లగాడు దగ్గుతుండు, జర చూడు," అని చేతికిచ్చింది.

కానీ సుశీల చావుతో చెదిరిన ఊరు మళ్ళీ కలవలేదు. మంచిర్యాల నుంచి ఒక డాక్టర్ వచ్చి పటేల్ ఇంటి పక్కనే గది తీసుకున్నాడు. ఉన్నవాళ్ళు అటు పోయారు. తరువాత మా దవాఖానకు మందులు సరిగా రావడం మానేశాయి. డాక్టరమ్మ మీటింగుల్లో మొత్తుకునేది, విన్నవాళ్ళు తలలూపేవాళ్ళు. కలెక్టర్ దగ్గరికి ఎవరూ పోలేదు. తను చెప్పినట్టే జరిగినందుకు ఆమె ఎంత కుమిలిపోయిందో నేను చూశాను. కొంతకాలానికి బదిలీ అయి పోయింది. మళ్ళీ మేము కలవలేదు.

తర్వాత నేను హుస్నాబాద్ వైపు ఏళ్ళ తరబడి పనిచేశాను. అక్కడా ఎవరో లేవలేకపోతున్నారని కబురు వచ్చేది. ఒక్కోసారి పెద్దింటి నుంచి, ఎక్కువసార్లు పేదింటి నుంచి. నాకు డాక్టరమ్మ గుర్తొచ్చేది. బెంచీ మీద ఉన్నవాళ్ళనే అడిగేదాన్ని: "ఒకామెకు మంచిగ లేదట, పోయి రావాలె. జర కూసుంటరా?" జ్వరంతో వణుకుతున్నవాళ్ళు, పిల్లలను ఎత్తుకున్నవాళ్ళు, పొద్దటి నుంచి తిండి లేనివాళ్ళు. "పోయి రా బిడ్డా, మేము యాడికి పోతం," అనేవాళ్ళు. వద్దన్నవాళ్ళు నా ఉద్యోగంలో ఒక్కరు లేరు.

ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎక్కడ ఉందో తెలిసేసరికి ఆమె లేదు. అందరికీ ఒకటే దవాఖాన ఉండాలన్న ఆమె మాట సరైనదని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ టీవీలో అందుకోసం వాదించిన పెద్దమనిషి కన్నా గట్టిగా నమ్ముతాను. కానీ వసారాలోని వాళ్ళ తరఫున కొట్లాడిన మనిషి, ఆ రోజు వాళ్ళనే ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. బండెక్కి పొమ్మని వాళ్ళే పంపించేవాళ్ళు.