అపశకునాల బొమ్మల కొలువు

మా తోటలోని పెద్దరసం మామిడి చెట్టు మొదలు పట్టుకుని ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నేను ఒట్టేస్తే మా ఆవిడ తల పట్టుకుంటుంది. కానీ నేను వేసిన ఒట్లన్నీ మోస్తూ కూడా ఆ చెట్టు ఏటా కాస్తూనే ఉందంటే, నా నిజాయితీకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మా బావ పోయాక అక్క నూజివీడులో మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ పేపరు చదివేది. వీధిలో వెళ్ళేవాళ్ళను ఎవరినీ పలకరించకుండా వదిలేది కాదు. ఆ కాసేపటి కోసమే రోజు మొదలుపెట్టే మనిషిలా ఉండేది.

ఎదురింటాయన మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. పెద్దవాడని ఇద్దరం బాబాయ్ గారూ అంటాం. ఒకరోజు మా గేటు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అబ్బాయ్, తప్పుగా అనుకోకు. నేను బేరానికి బయల్దేరేటప్పుడు మీ అక్కయ్యని కాస్త లోపల కూర్చోమను. భర్త పోయిన మనిషి కదా, పొద్దున్నే ఎదురొస్తే..."

ఆయన గొంతు తగ్గిస్తే విస్సన్నపేట దాకా వినిపిస్తుంది. అక్క ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో కుర్చీ పట్టుకుని లోపలికి వెళ్ళి ఫ్రిజ్ పక్కన వేసుకుంది. మర్నాటి నుంచి పేపరు అక్కడే, ట్యూబ్‌లైటు కింద. పలకరించడానికి ఫ్రిజ్ తప్ప ఎవరూ లేరు.

నేను గొడవకు లేస్తే ఆపింది. "నువ్వు అరిస్తే ఆ మాట వినని వాళ్ళు కూడా వింటారు. ఊరుకోరా."

నేను ఊరుకునే రకం కాదు. ఆ కుర్చీ మళ్ళీ వరండాలోకి రావాల్సిందే అనుకున్నాను.

దారి అక్క ఫోనే చూపించింది. అక్టోబరు చివర్లో ఏదో వీడియో వచ్చింది. హాలోవీన్ అట, ఎక్కడో విదేశీయులు ఇంటి ముందు గుడ్లగూబ, నల్లపిల్లి, గబ్బిలాలు, పుర్రెలు పెట్టుకుని పండగ చేసుకుంటున్నారు. అక్క చూస్తూ చూస్తూ నవ్వింది. ఫ్రిజ్ పక్కకు చేరాక అదే మొదటి నవ్వు.

"ఒరేయ్, ఇవన్నీ మనకి ఎదురు రాకూడనివే కదరా! వీళ్ళు ఏరి కోరి గుమ్మంలో పెట్టుకుంటున్నారు. ఇందులో నేనొక్కదాన్నే తక్కువ."

"తక్కువెందుకు? పెడదాం," అన్నాను.

బజార్లో ప్లాస్టిక్ అస్థిపంజరం ధర విని వెనక్కి వచ్చేశాను. అంత ఇస్తే ఒంటి మీద కండ ఉన్న మనిషే వచ్చి నిలబడతాడు. ఇంట్లో ఏమున్నాయో వెతికాం. వేసవిలో మామిడికాయలకు తొడిగిన కాగితం కవర్లు షెడ్డులో పడి ఉన్నాయి. పైన గోధుమరంగు, లోపల నలుపు. నలుపు పైకి వచ్చేలా మడిచి కత్తిరిస్తే గబ్బిలాలు. ఇన్నేళ్ళూ నా పండ్లు తిన్న గబ్బిలాలను నా కవర్లతోనే చేసి పురికొసకు వేలాడదీయడంలో ఎంత తృప్తి ఉందో తోట ఉన్నవాడికే తెలుస్తుంది.

డాబా మీద రసాల టెంకలు ఎండి ఉన్నాయి. పీచు దువ్వితే గడ్డం, సున్నం చుక్కలు పెడితే కళ్ళు, పుర్రెలు తయారు. ఒక టెంకకు ఎదురింటాయన మీసం దానంతటదే వచ్చింది, నా ప్రమేయం లేదు. అట్టపెట్టెకు కొబ్బరిచిప్ప కళ్ళు అతికిస్తే గుడ్లగూబ అయింది, మసి పూసిన గోనెసంచి పిల్లికి పాత సైకిల్ ట్యూబు తోక అయింది.

వీడియోలోలా గుమ్మడికాయకు మొహం చెక్కే దగ్గర మా ఆవిడ అడ్డొచ్చింది. "వదినా, గుమ్మడికాయకి మొదటి కత్తి మగవాళ్ళే పెట్టాలండి."

"వాడు పెడితే ముక్కు వంకరొస్తుందమ్మా," అంటూ అక్క కత్తి దించేసింది. కళ్ళు, ముక్కు, కోరలు తీరిగ్గా చెక్కింది. లోపల్నుంచి తీసిన ముక్కలు దప్పళంలోకి వెళ్ళాయి. అడ్డొచ్చినావిడే మారు వడ్డించుకుంది.

ఇక దెయ్యానికి తెల్లబట్ట కావాలి. అక్క పెట్టె తెరిచి బావ పంచె తెచ్చింది. నేను వద్దన్నాను.

"ఆయనకి వీధిలో కూర్చోవడం సరదారా," అని తనే దిండుకు చుట్టి, బొగ్గుతో కళ్ళు దిద్ది, రెండో కుర్చీలో కూర్చోబెట్టింది. దాని పక్కన తన కుర్చీ వేసుకుంది. అన్నీ మెట్ల మీద వరసగా సర్దేసరికి అచ్చం దసరా బొమ్మల కొలువు. పేరంటానికి పిలవడమే తరువాయి.

మర్నాడు పొద్దున ఎదురింటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని చింతలపూడి వైపు తోట బేరానికి బయల్దేరి, తన గేటు తీసి ఆగిపోయాడు.

"ఏంటబ్బాయ్ ఇది?"

"బొమ్మల కొలువండీ."

"పొద్దున్నే పిల్లేంటి, గూబేంటి, ఆ పుర్రెలేంటి! ఇవన్నీ నాకు ఎదురా?"

"ఎదురింట్లో ఉన్నవి ఎదురుగా కాక ఎక్కడుంటాయి బాబాయ్ గారూ?"

"అది కాదయ్యా, మీ అక్కయ్య..."

"ఆవిడా ఉంది. మీరు వెళ్ళి రండి. బేరం చెడితే, ఏది చెడగొట్టిందో వేలుపెట్టి చూపించండి. పిల్లో, గూబో, పంచె కట్టుకున్న మా బావో. తేలితే తీసేస్తాను. తేలేదాకా మా అక్క కుర్చీ అంగుళం జరగదు."

అక్క పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఎదురొచ్చాం కదండీ బాబాయ్ గారూ. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి, దోషం పోతుందంటారు."

అపశకునమే విరుగుడు కూడా చెబుతుంటే పాపం ఆయన ఏం చేస్తాడు? వచ్చి, మెట్టు మీద గూబ పక్కన కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాడు. బేరం బ్రహ్మాండంగా కుదిరింది. సాయంత్రం స్వీటు ప్యాకెట్టు తెచ్చి, "అమ్మాయ్, రేపు ఇంకో బేరం ఉంది. కాస్త ఇక్కడే కూర్చో," అన్నాడు. ఆ పూటే నిజం గుడ్లగూబ ఒకటి వచ్చి మా అట్టపెట్టె గూబ పక్కన వాలి, ఎంత అదిలించినా కదలనంది.

చెట్టు మీద ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. గుడ్లగూబ నా కల్పన అనుకుంటున్నారు కదూ? కాదు, అది నిజంగానే వచ్చింది. కుదిరిన బేరం, స్వీటు ప్యాకెట్టు నా కల్పన. ఆయన కూర్చోలేదు, నీళ్ళూ తాగలేదు. వెనక్కి తిరిగి, మా గుమ్మం ఎదురుపడకుండా మురుగుకాలువ పక్క సందులోంచి వెళ్ళాడు. ఇప్పటికీ అలానే వెళ్తున్నాడు. చెప్పులు ఆయనవి, బురద ఆయనది.

హాలోవీన్ ఎప్పుడో అయిపోయింది. మేం కొలువు ఎత్తలేదు, ఎత్తం. అక్క రోజూ పొద్దున వరండాలోనే కూర్చుంటుంది. ఆయన సందు మలుపు తిరిగే వేళకు పేపరు దించి, వీధంతా వినేలా పలకరిస్తుంది.

"జాగ్రత్తండీ బాబాయ్ గారూ, అక్కడ జారుతుంది!"