తేదీ చూడందే వదలని కుళ్ళాయప్ప

మా కుళ్ళాయప్పకు తేదీల పిచ్చి. గార్లదిన్నె దగ్గర మా వృద్ధాశ్రమంలో మందులు చూసుకునేది ఆయనే; మందుల బీరువా తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. నేను మేనేజరునన్న మాటే గానీ, ఆయన దయ లేకుండా నాకు జలుబు మాత్ర కూడా దొరకదు.

గడువు దాటిన మాత్ర, డాక్టరు ఆపేయమన్న మాత్ర ఆశ్రమంలో ఉన్నాయంటే ఆయనకు ముద్ద దిగదు. కరువు చూసిన మా ముసలివాళ్ళకేమో కొన్నది పారేయడానికి చేతులు రావు. దిండు గలీబుల్లో, వక్కాకు సంచుల్లో దాచుకుంటారు. తెల్లారితే ఈయన సోదాలు మొదలు.

"డేటు అయిపోయింది. ఇట్ల తే."

"నిన్ననే గదప్పా అయిపోయింది! ఒగ దినానికే ఇసమైతాదా?" అంటాడు ఓబుళేసు తాత.

"నిన్నటి బస్సుకు ఈపొద్దు పోతావా?"

మందులతో ఆగినా బాగుండేది. సబ్బు, బన్ను ప్యాకెట్టు, అన్నీ తిరగేసి చూస్తాడు. నా బల్ల మీది పెళ్ళి పత్రికను ముహూర్తం దాటిందని చించేశాడు. దాని వెనకే నేను గ్యాసు అతని నంబరు రాసుకున్నాను! ఆ పూట వంట కట్టెల పొయ్యి మీదే అయింది.

మొన్న ఎండాకాలంలో గంగాదేవమ్మకు కళ్ళు తిరగడం మొదలైంది. ఒకసారి పడిపోయింది కూడా. డాక్టరు వచ్చి చూసి, బీపీ బాగా పడిపోతోందని ఆమె రోజూ మింగే బీపీ మాత్ర సగం చేశాడు. అయినా తగ్గలేదు. ఇంకోసారి పడితే తుంటి విరిగి మంచాన పడుతుందేమోనని నాకు ఒకటే భయం.

ఒకరోజు పొద్దున కుళ్ళాయప్ప, నేను ఆమె గదికి వెళ్ళాం. పోయినేడాది చనిపోయిన భర్త తిమ్మన్న ఫోటో ముందు నీళ్ళ గ్లాసు, ఒక మాత్ర పెట్టి దండం పెట్టుకుంటోంది.

"ఎవరికి పెద్దమ్మా ఇది?" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఆయనకేనప్పా. బీపీ మాత్ర పడకుంటే తల తిరుగుతాదని చెప్తాండె."

"పెట్టినాంక ఏం జేస్తావు?"

"ఆయనకు పెట్టింది పారేస్తారా? కండ్లకద్దుకొని నేనే మింగుతా."

కుళ్ళాయప్ప ఫోటో వెనక దాచిన మాత్రల అట్ట లాగి, తేదీ చూసి నాకు చూపించాడు. తన మాత్ర మీద మొగుడి మాత్ర, అదీ గడువు దాటింది! ఇక ఈ మహానుభావుడు ముసలమ్మను ఏడిపించి గానీ వదలడనుకున్నాను.

కుళ్ళాయప్ప ఆ అట్టనూ, ఫోటో ముందున్న మాత్రనూ జేబులో వేసుకుని వంటింట్లోకి పోయాడు. వచ్చి, ఫోటో ముందు బెల్లం ముక్క పెట్టాడు. ఆమెకు సుగర్ లేదని ఆయనకు తెలుసు.

"పెద్దమ్మా, తిమ్మన్న మామకు డాక్టరు మందు మార్చినాడు. ఆ మాత్ర ఆపేయమన్నాడు. ఇంగ దినామూ ఇదే."

నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు ముద్దొచ్చింది.

వారం తిరిగేసరికి గంగాదేవమ్మ కర్ర లేకుండా తిరుగుతోంది. డాక్టరు వచ్చి బీపీ చూసి, బాగుందని సంతోషపడ్డాడు. ఆమె మాత్రం మూతి ముడిచింది.

"మా ఆయనకు బెల్లమంటే పానం. బతికుండంగ సుగరని ముట్టనీకపోతివి. ఈ మందు అప్పుడే రాయకూడదా సామీ?"

డాక్టరు నా వంక చూశాడు. నేను కుళ్ళాయప్ప వంక చూశాను. ఆయన బీపీ మిషన్‌ను బోర్లించి, తేదీ ఎక్కడుందా అని శ్రద్ధగా వెతుకుతున్నాడు.