నేను పూర్తిగా చదవని ఉత్తరం

ఆ రోజుల్లో నేను నారాయణగూడలో ఒక ప్రైవేటు బీమా కంపెనీలో గుమాస్తాను. కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. మా శాఖ ఇళ్లకు అగ్నిప్రమాద బీమా చేసేది. ఏటా ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాలి: ఎన్ని క్లెయిములు వచ్చాయి, ఎన్ని తేల్చాం, తేల్చనివి ఎందుకు ఆగాయి. అది నింపే పని నాది.

ఆ ఏడు ఆగిపోయినవాటిలో అశోక్‌నగర్ మాస్టారిది ఒకటి. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కిరోసిన్ స్టవ్వు మంటలు అంటుకుని ఆయన వంటిల్లు, దాని పక్క గది కాలిపోయాయి. కాగితాలన్నీ సక్రమంగానే తెచ్చి నా చేతికే ఇచ్చారు. మావాళ్లే ఇల్లు చూడ్డానికి మనిషిని పంపకుండా నెలల తరబడి నాన్చారు.

"పెండింగ్ అని రాస్తే పైనుంచి ప్రశ్నలొస్తాయోయ్. ఆయనే క్లెయిమ్ వదులుకున్నాడని రాసెయ్," అన్నాడు మేనేజరు.

రాసేశాను. భయపడి రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఆ క్షణంలో భయం కూడా లేదు. పని తొందరగా అయిపోతుందనుకున్నాను, అంతే.

కొన్ని వారాలకు మాస్టారు ఒక ఉత్తరం పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చారు. ఆలస్యం గురించి ప్రభుత్వానికి రాసుకున్నారట. జవాబు ఇంగ్లీషులో వచ్చింది.

"నాకు ఇంగ్లీషు అంతంతే బిడ్డా. ఇండ్ల ఏం రాసిన్రో జర చదివి చెప్పు."

రెండో వాక్యంలోనే ఉంది. కంపెనీ నివేదిక ప్రకారం మీరే క్లెయిమ్ వదులుకున్నారు, కాదంటే తెలియజేయండి అని. నేను రాసిన మాటే, టైపు అక్షరాల్లో.

"విచారిస్తున్నారట మాస్టారూ. కొంచెం ఓపిక పట్టమన్నారు," అన్నాను.

"నువ్వున్నవ్ గాబట్టి ధైర్యంగున్న," అని నా భుజం తట్టి వెళ్లారు.

మర్నాడు పొద్దున ఆయన కూతురు వచ్చింది. కోఠిలో కాలేజీకి వెళ్లే పిల్ల. ఉత్తరం నా ముందు పరిచింది.

"మా బాపుకు ఇంగ్లీషు రాదు. మీకొస్తది గదా. మరి గీ ముచ్చట ఎందుకు చెప్పలే?"

ఆఫీసులో అందరి తలలూ ఇటు తిరిగాయి.

"ఆ మాట రాసింది నేనేనమ్మా," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అయితే గా మాటే కాయితం మీద రాసియ్యున్రి," అంది.

మాస్టారు క్లెయిమ్ వదులుకోలేదని, నివేదికలో అబద్ధం రాసింది నేనని రాసి సంతకం పెట్టాను. మేనేజరు చెప్తేనే రాశానని మాత్రం రాయలేకపోయాను.

ఆ కాగితం పైకి వెళ్లాక, క్లెయిమ్ వెంటనే తేల్చమని కంపెనీకి తాఖీదు వచ్చింది. వానలకు ముందే ఆ వంటింటికి కొత్త రేకులు పడ్డాయని విన్నాను. నన్ను ఉత్తరాలకు స్టాంపులు అంటించే బల్లకు మార్చారు. ఉద్యోగం పోలేదు.

తర్వాత ఒకసారి చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో మాస్టారు కనబడ్డారు.

"బిడ్డా, మంచిగున్నవా?" అని ఎప్పటిలాగే పిలిచారు.

కూతురు ఆయనకు ఎంతవరకు చెప్పిందో తెలీదు. నేను వినబడనట్టు బీరకాయలు ఏరుతూ ఉండిపోయాను. ఆయన ఇంకోసారి పిలిచి, కాసేపు నిలబడి, వెళ్లిపోయారు.