డెల్ఫియా అందించిన పంక్తి

డెల్ఫియా స్లోన్ పోయి రెండేళ్లు కావస్తోంది. మా తూర్పు కెంటకీ కొండల్లో ఆమె ప్రస్తావన వస్తే ఇప్పటికీ ముందు చెప్పుకునేది ఆమె చేతి మొక్కజొన్న రొట్టె గురించే. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూలు వంటశాలలో కాల్చింది మరి, ఆ రొట్టె తినని మనిషి ఈ లోయలో లేడు. ఆమె గొంతు సంగతి మాత్రం ఆ శనివారం దాకా ఎవరికీ సరిగా తెలియదు.

ఎలా తెలుస్తుంది? మా చర్చిలో వాయిద్యాలుండవు. పెద్దాయన ఒక పంక్తి గబగబా పలికి అందిస్తాడు. సభంతా దాన్ని అందుకుని, కొండ మీదికి మంచు పాకినట్టు మెల్లగా సాగదీసి పాడుతుంది. అది ముగిశాక ఆయన తర్వాతి పంక్తి అందించాలి. అందించేది ఎప్పుడూ మగవాళ్లే. ఆడవాళ్ల పని అందుకోవడం. నూట ఇరవై పాటలు నోటికి వచ్చినా డెల్ఫియా అరవై ఏళ్లు అందుకుంటూనే కూర్చుంది.

ఒక్క తన వంటింట్లో తప్ప. చనిపోయిన చెల్లెలి కూతురు టామ్రాను పెంచింది ఆమే. చలికాలానికి ఎండబెట్టేందుకు ఇద్దరూ బీన్స్ కాయలకు నార తీసి దారానికి గుచ్చుతూ కూర్చుంటే, డెల్ఫియా పంక్తి అందించేది, పిల్ల అందుకునేది. "బయటెక్కడా అనకే," అని మాత్రం హెచ్చరించేది.

టామ్రా పెద్దదై లూయివిల్‌లో రాక్ బృందం పెట్టి పదిహేనేళ్లు గొంతు చించుకుంది. మొదటి రికార్డు విని డెల్ఫియా ఫోన్ చేసింది.

"ఏమైందే, ఎవరైనా నీ కాలు తొక్కారా?"

"అది పాట, పెద్దమ్మా!"

"సరేలే. వేడినీళ్లలో తేనె కలుపుకుని తాగు."

బృందం విడిపోయింది. నలభయ్యో ఏట టామ్రా ఇంటికొచ్చి, ఆ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని, బాంజో, గిటారు పెట్టుకుని పదకొండు పల్లెపాటలు కట్టింది. బృందం లేకుండా తానొక్కతే చేసిన మొదటి ఆల్బమ్ అది. పేరు 'డెల్ఫియా వంటిల్లు'. చివరి పాటకు వాయిద్యం లేదు. పెద్దమ్మ లాగే ఒక్క పంక్తి అందించి ఆపేసింది.

లెక్సింగ్టన్ పట్నం నాటకంవాళ్లు ఆ ఆల్బమ్‌ను నాటకంగా మలిచారు. అక్కడ ఆరు వారాలు ఆడితే డెల్ఫియా ఒక్కనాడూ వెళ్లలేదు. దాంతో నాటకమే ఆమెను వెతుక్కుంటూ హైస్కూలు హాలుకు వచ్చింది.

"చివర్లో నీ వేషం కట్టినామె పంక్తి అందిస్తుంది," అంది టామ్రా, భయపడుతూనే.

"పంక్తి అందించే ఆర్వెల్ అన్న ఎదురుగానా? మర్నాడు చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటావే?"

"వద్దంటే తీసేయిస్తా."

డెల్ఫియా పిండి కలపడం ముగించి చేతులు కడుక్కుంది. "అబద్ధమేం కాదుగా. ఉండనియ్," అంది చివరికి.

శనివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. మా చర్చిలో నలభై ఏళ్లుగా పంక్తి అందించే ఆర్వెల్ మొదటి వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. డెల్ఫియా మూడో వరసలో.

వంటగుడ్డ కట్టుకుని నటి రాగానే వెనక నుంచి ఎవరో అన్నారు: "మన డెల్ఫియా ఇంత సన్నమా?"

"రొట్టె వండటమే కానీ తిన్నట్టు లేదు!"

హాలంతా నవ్వింది. డెల్ఫియా కూడా నవ్వింది. కానీ పాట మీద పాట అయిపోతున్నకొద్దీ ఆమె ఆర్వెల్ వీపు వైపే చూడసాగింది.

చివరి ఘట్టం. నటి దారానికి బీన్స్ గుచ్చుతూ తలెత్తి పంక్తి అందించింది: "ఏరెంత లోతైనా నా ఊతకర్ర నీవే..."

లెక్సింగ్టన్‌లో అయితే ఈ ఘట్టంలో నిశ్శబ్దం, దీపాలు ఆరిపోవడం, చప్పట్లు. కానీ ఇక్కడున్నది మావాళ్లు. పంక్తి వినబడితే అందుకోకుండా ఉండలేరు. అందరికంటే ముందు అందుకున్నది ఆర్వెలే! కళ్లు మూసుకుని, అలవాటు కొద్దీ. ఆయన వెంట హాలంతా గొంతు కలిపింది. ఆర్పేసిన దీపాలను ఎవరో కంగారుగా మళ్లీ వెలిగించారు.

పంక్తి ముగిసింది. అందరూ తర్వాతి దాని కోసం ఆగారు. నటికి వచ్చింది ఆ ఒక్కటే. ఆమె తెర పక్కకు చూసింది. అక్కడున్న టామ్రా నోరు తెరవబోయి, మూడో వరస వైపు చూసి మూసుకుంది. పాటను సగంలో వదిలి లేచే అలవాటు మావాళ్లకు లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ కదల్లేదు.

ఆర్వెల్ కళ్లు తెరిచాడు. తానెక్కడున్నాడో, ఎవరి పంక్తి అందుకున్నాడో అప్పుడు తెలిసొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. మిగతా పాట ఆయనకు వచ్చు. అయినా నిదానంగా వెనక్కి తిరిగాడు.

"మధ్యలో వదిలేస్తావా, చెల్లీ? మొదలెట్టింది నువ్వేగా."

డెల్ఫియా ముందు కుర్చీ పట్టుకుని లేచింది. రెండో పంక్తి అందించింది. గొంతు ఊరి పెద్దనే పేరు పెట్టి పిలిచినంత నిబ్బరంగా పలికింది. రెండు వందల గొంతులు అందుకున్నాయి. ఒక్కటీ తప్పకుండా పదహారో పంక్తి దాకా నడిపించింది. నటి వేదిక అంచున కూర్చుని విన్నది.

బయట ఆర్వెల్ టోపీ పెట్టుకుంటూ, "శ్రుతి కొంచెం పైన పట్టావు. పీక తెగింది నాకు," అన్నాడు.

"అందకపోతే చెప్పొద్దా అన్నా, దించేదాన్ని."

ఇంటికెళ్లే దారిలో టామ్రా ఏడుస్తూ కారు నడుపుతుంటే డెల్ఫియా నిటారుగా కూర్చుని, "ఆ నాటకంవాళ్లని సోమవారం రమ్మను," అంది. "మిగతా పదిహేను పంక్తులూ నేర్పుతా. ఇంకో ఊళ్లో సగం పాట పాడి మన పరువు తీస్తారేమో!"