బావిలోంచి వచ్చినవాడు

మా చిన్నప్పుడు... మందమర్రిలో మొదటి షిఫ్టు దిగే వేళకు కాలనీ పిల్లలమంతా నల్లా దగ్గర మూగేవాళ్ళం. మా బాపు సైకిల్ కనబడగానే ఎదురు ఉరికేవాళ్ళం. ఆయన అంగీ జేబులో పుట్నాలు ఉండేవి... కన్నబిడ్డనైన నాకంటే ముందు ఊళ్ళో పిల్లలకే అందేవి. నాకు ఒళ్ళు మండేది.

బాపు బాయిలో ఫిల్లర్. తవ్విన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే పని. మా దగ్గర బాయి అంటే బొగ్గుగనే... నీళ్ళదైతే 'మంచినీళ్ళ బాయి' అని విడిగా చెప్పాలి. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు గని పైకప్పు పెచ్చు ఊడి ఆయన మొహమ్మీద పడింది. గాయాలు మానాయి గానీ లోపలికి పోయిన బొగ్గుపొడి పోలేదు. నుదుటి నుంచి గదవ దాకా నీలి గీతలు మిగిలిపోయాయి. అప్పుడు కూడా పిల్లలెవరూ జంకలేదు. పుట్నాలకు చేతులు చాపుతూనే ఉన్నారు.

జంకు కామిక్ పుస్తకంతో వచ్చింది.

బస్టాండు పక్కన కామిక్కులు కిరాయికి ఇచ్చే డబ్బా ఒకటి ఉండేది. ఏ సంచిక ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక. ఒకసారి నీలకరాళుడనే విలన్ బొమ్మతో ఒకటి వచ్చింది. నీలి చారల మొహం, ఎర్రటి కళ్ళు, చేతిలో గడ్డపార. ఊళ్ళు తగలబెడతాడు, చెరువులు ఎండగొడతాడు. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలు... 'బావిలోంచి వచ్చాడు నీలకరాళుడు!'

ఆ ఒక్క ముక్క చాలదూ మా కాలనీకి... బావి అంటే మాకు ఇంకే బావి? పుస్తకం చివర 'వీడి పూర్వకథ వచ్చే సంచికలో' అని ఉంది. ఆ వచ్చే సంచిక మా డబ్బాకు రానే లేదు.

పక్క క్వార్టర్ సమ్మన్న నాకంటే కాస్త పెద్దవాడు. బాపు చేతి పుట్నాలు అందరికంటే ఎక్కువ తిన్నవాడు కూడా. ఒకరోజు సైకిల్ మలుపు తిరగ్గానే "కరాల్గాడొచ్చిండు" అంటూ వెనక్కి తిరిగి ఉరికాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు... ఆటే అనుకున్నాడు పాపం.

ఆట కాస్తా పేరైంది. చిన్నపిల్లలు నిజంగానే ఏడ్చి తల్లుల కొంగుల్లో దాక్కునేవాళ్ళు. సరే, పిల్లలకేం తెలుసు అనుకుందాం. సమ్మన్న వాళ్ళ అవ్వ... అంటే వాడి తల్లి... చిన్నకొడుక్కు బువ్వ తినిపిస్తూ "తింటవా, కరాల్గాన్ని పిలువాల్నా" అంటుంటే నా చెవులారా విన్నాను. ఆమె మొగుడిదీ అదే బాయి, అదే షిఫ్టు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా.

బాపు మెల్లగా క్వార్టర్ల వెనక, మురికి మోరీ పక్క దారి పట్టాడు. పుట్నాలు తేవడం మానేశాడు. బడికి రమ్మంటే మా అవ్వను పంపేవాడు. నాకు ఒకటే పట్టు... ఆ పూర్వకథ దొరకాలి. కరాళుడు బొగ్గుబాయివాడు కాదని అందులో ఉండాలి. ఉంటే బాపుకు ఈ పీడ వదులుతుంది.

దొరికింది. ఎండాకాలం సెలవుల్లో మెట్‌పల్లిలో చిన్నమ్మ వాళ్ళింటి అటక మీద. నిలబడే చదివాను. కరాళుడి అసలు పేరు నీలయ్యట... బావులు తవ్వేవాడు. కరువు ఊళ్ళో, బండరాతి నేలలో మంచినీళ్ళ బావి తవ్వాడు. నీళ్ళు పడ్డ రోజే, బావికి బలి కావాలని ఊరిపెద్ద వాణ్ణి అందులోకే తోయించాడు. అడుగున పాములు కరిచి మొహం నీలమైంది. ఎలాగో పైకెక్కి వస్తే, ఆ నీళ్ళు తాగుతున్నవాళ్ళే దయ్యమని రాళ్ళేశారు. ఆ తర్వాతే వాడు రాక్షసుడయ్యాడు.

చిన్నమ్మను బతిమాలి పుస్తకం తెచ్చుకున్నాను. నల్లా దగ్గర అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాను. ఇది మంచినీళ్ళ బావి, మన బాయి కాదు, వీడికీ మా బాపుకూ ఏ సంబంధమూ లేదని చెప్పాను. సమ్మన్న మధ్యలో లేవకుండా అంతా విన్నాడు.

"ఏ బాయైతేంది... మొగమైతే గదే గదా" అన్నాడు.

మళ్ళీ అవే నవ్వులు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే బాపు పుస్తకం తీసుకుని బొమ్మలు చూశాడు. ఆయనకు చదువు రాదు. నన్ను చదవమన్నాడు. మనసు ఒప్పకపోయినా చదివాను. ఊరివాళ్ళు రాళ్ళేస్తున్న బొమ్మ దగ్గర ఆపమన్నాడు.

"ఆ నీళ్లు తాగినోల్లల్ల ఒక్కలన్న అడ్డమొచ్చిండ్రా బిడ్డా?"

"రాలే బాపూ."

"రారు" అన్నాడు. పుస్తకం నా చేతిలో పెట్టి, డ్యూటీ బట్టలు పిండుకోవడానికి లేచిపోయాడు. ఆ పూట కూడా కాలనీలో ప్రతి పొయ్యిలో బొగ్గే మండుతోంది.

బాపు పోయి చాలా ఏళ్ళైంది. మొన్న మా కాలనీ పాత దోస్తుల గ్రూపులో సమ్మన్న ఒక ఫోటో పెట్టాడు. నల్లా దగ్గర పిల్లలు, వెనక సైకిల్ పట్టుకుని బాపు. కింద "మన కరాల్గాడు యాదికున్నడా" అని రాశాడు. నవ్వే బొమ్మలు, గుండె బొమ్మలు వరసగా పడ్డాయి. బంగారంలాంటి రోజులట... ఎంత బాగుండేదట. పుట్నాలు మాత్రం ఒక్కరికీ యాదికి రాలేదు. ఎవరో "ఇంతకు ఆయన అసలు పేరేంది" అని అడిగారు. ఒక్కరూ చెప్పలేకపోయారు.

అప్పట్లో కరాల్గాడన్న ఆ పేరు మా నల్లా దగ్గరే ఆగేది... ఇప్పుడు ఫోనుల్లో ఊళ్ళు తిరుగుతోంది. మారిందల్లా అదే.

మీ వాడలో కూడా ఇలా ఎకసెక్కపు పేరు కింద నలిగిపోయిన మనిషి ఒకరుండే ఉంటారు. యాదికొస్తే కింద రాయండి... అసలు పేరే రాయండి. ముందు నేను రాస్తున్నాను.

మా బాపు పేరు ఓదెలు.