ఓటీపీ మాస్టారి బోణీ

ఆ రోజుల్లో, అంటే ఫోన్ చూపించి కొత్తిమీర కట్ట కొనడం మా నర్సీపట్నానికి అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజుల్లో, మోసాల గురించి నాకు తెలిసినంత ఊళ్ళో ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. తప్పు నాది కాదు, ఉద్యోగానిది. డిగ్రీ అయ్యాక ఒక చిన్న సంస్థలో నాకు దొరికిన మొదటి పని, ఫోన్లో డబ్బులు కొట్టేటప్పుడు మోసపోకుండా ఎలా ఉండాలో ఊరూరా తిరిగి చెప్పడం. "డబ్బులు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదండీ, పోవడానికే కొట్టాలి. పంపేముందు తెర మీద పేరు చదవండి. తెలియనివాళ్ళు డబ్బుల గురించి ఫోన్ చేస్తే మారుమాట్లాడకుండా పెట్టెయ్యండి. తెలియనివాళ్ళ నుంచి డబ్బులు పడ్డా సంబరపడకండి, అది ఎర." ఈ ముక్కలే రోజుకి నాలుగుసార్లు వల్లించేసరికి నా అసలు పేరు పోయి ఓటీపీ మాస్టారునైపోయాను. (మా అత్తవారింట్లో నేటికీ అదే పేరు.)

బస్ కాంప్లెక్స్ ఎదురుగా మా పిన్నికి టిఫిన్ బండి ఉండేది. ఆవిడ అల్లం చట్నీ కోసం కొయ్యూరు బస్సు రోజూ రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలేది. (అతిశయోక్తి కాదు, ఆ బస్సు డ్రైవరు గారే అక్కడ నిలబడి తింటూ ఉండేవారు.) ఒకరోజు పిన్ని, "సిల్లర నేదంటే మనుసులెల్లిపోతన్నార్రా. ఆ గళ్ళ బొమ్మేదో నాకూ ఎట్టీ నాయినా" అంది. అడగడమే తరవాయి, ఆవిడ ఫోన్లో యాప్ వేసి, ఖాతా కలిపి, ఆ బొమ్మని, అదే క్యూఆర్ కోడ్‌ని, నా ఫోన్‌కి పంపుకుని, ప్రింట్ల కొట్టుకి పరిగెత్తాను. గ్యాలరీలో కనిపించిన గళ్ళ బొమ్మ చూపించాను. కొట్టతను, "కింద పేరెందుకండీ, సోటు దండగ. బొమ్మే పెద్దదేసేద్దాం" అని పేరు కత్తిరించి, లామినేషన్ చేసి ఇచ్చాడు. ఆ రాత్రే బండికి కట్టేసి, పిన్ని కళ్ళలో గర్వం చూసి, నేనూ కొంచెం ఉబ్బిపోయాను.

మర్నాడు పొద్దున్నే మాకవరపాలెంలో చెరకు రైతులకి నా పాఠం. "తెలియనివాళ్ళ నుంచి డబ్బులు పడితే..." అంటూ ఉండగానే నా ఫోన్ టింగుమంది. ముప్పై రూపాయలు జమ. పంపినాయన పేరు ఎప్పుడూ విననిది. సరేలే అనుకున్నాను. మళ్ళీ టింగు, ఇరవై. మళ్ళీ నలభై, పదిహేను, అరవై. అందరూ ముక్కూమొహం తెలియనివాళ్ళే. నాకు చెమటలు పట్టాయి. ఏదో ముఠా నా ఖాతాని వాడుకుంటోంది, మధ్యాహ్నానికి పోలీసులొస్తారు, ఓటీపీ మాస్టారు అరెస్టు అని ఊరంతా చెప్పుకుంటారు! ముందు వరసలో కూర్చున్న పెద్దాయన నా వాలకం చూసి, "ఏటి బాబూ, అలగైపోనావు?" అన్నారు.

"ఎవరో డబ్బులు పంపిస్తున్నారండీ."

"డబ్బులేస్తే ఏడుస్తావేటయ్యా? మాకెవులూ ఎయ్యరు."

"అది ఎరండీ బాబూ!"

"ఎరకే ఇంతింతేసేస్తే ఆడికేటి మిగుల్తాది?" అన్నారాయన. అందరూ గొల్లున నవ్వారు. పదిహేడో టింగు తర్వాత ఫోన్ ఆపేసి, తువ్వాల్లో చుట్టి, సంచి అడుక్కి తోసేశాను. (తువ్వాలు ఎందుకో నన్నడక్కండి.)

పదకొండింటికి కాంప్లెక్స్‌లో బస్సు దిగేసరికి పిన్ని బండి చుట్టూ జనం. అట్లకాడ పట్టుకుని పిన్ని నడుమ నిలబడింది. ఎదురుగా, కొయ్యూరు ట్రిప్పు కొట్టి అప్పుడే తిరిగొచ్చిన డ్రైవరు గారు. నన్ను చూడగానే పిన్ని గొల్లుమంది. "ఒరే నాయినా, నీకు ఫోన్ సేస్తే కలవదేటిరా! పొద్దుట్నుంచీ ఒక్క రూపాయి పడనేదు. బోణీ ఈయనదే. డబ్బులు కొట్టీసేనని ఫోన్ సూపించి ఎల్లిపోనారు. బోణీయే మోసమైపోతే ఇంకేటి మిగుల్తాదిరా!" డ్రైవరు గారు పాపం, "నాను కొట్టేనమ్మా" అని ఫోన్ చూపిస్తున్నారు. బస్సు కిటికీల్లోంచి ప్యాసింజర్లందరూ తొంగి చూస్తున్నారు.

నా వైపు తిరిగిన చూపుల్ని చూసి ఒళ్ళు తెలియలేదు నాకు. ఆయన ఫోన్లో పచ్చ టిక్కు చూసి, నలుగురికీ వినపడేలా తీర్పిచ్చేశాను. "ఇలాంటి దొంగ యాప్‌లు చాలా ఉన్నాయండీ. డబ్బులు పోకపోయినా పోయినట్టు చూపిస్తాయి. ఈ వయసులో మీకిదేం పని?"

ఆయన ముఖం నల్లబడింది. "దొంగ యాపేటి బాబూ? పేరు సదవమని సెప్పేది నువ్వే గదా. సదివే కొట్టేను" అని జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కూడబలుక్కుంటూ తెర మీద పేరు చదివారు. ఇంటిపేరుతో సహా నా పేరు.

"అవును, ఆ పేరే వస్తాది. నానే సెప్పేను" అంది పిన్ని, అదేమంత వింతా అన్నట్టు. "ఎవులిదమ్మా ఈ పేరని అందరూ అడిగేరు. మావోడే, కొట్టీండన్నాను. స్టీలు బిందె ఇచ్చినోలు బిందె మీద పేరు కొట్టించుకుంటారు కదా. ఈ బొమ్మ ఎట్టినోడివి నువ్వే, నీ పేరే వస్తాది. నీ పేరు సూసి నాకు ఎంత బావుందో తెలుసునా!"

తువ్వాలు విప్పి ఫోన్ ఆన్ చేశాను. టింగు, టింగు, టింగు. ఆగదే! నా గ్యాలరీలో రెండు గళ్ళ బొమ్మలున్నాయి. ఒకటి పిన్నిది, ఒకటి నాది. ప్రింట్ల కొట్లో చూపించింది నాది. ముందు ఒక రూపాయి కొట్టి చూసుకోమని ఊళ్ళన్నీ తిరిగి చెప్పినవాణ్ణి, నేను మాత్రం చూడలేదు. పొద్దుట్నుంచీ నన్ను వణికించిన ముఠా అంతా ఇడ్లీ తినడానికొచ్చినవాళ్ళు. ఆ ముఠాకి నాయకుణ్ణి నేను. ముప్పై రూపాయలు పంపిన ఆ తెలియని పేరు డ్రైవరు గారిది. చిన్నప్పట్నుంచీ ఆయన్ని డ్రైవరు గారనే పిలిచాను తప్ప, పేరేమిటో ఎప్పుడూ అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

డబ్బు అప్పటికప్పుడే పిన్నికి ఇచ్చేశాను. డ్రైవరు గారికి పోయింది మాత్రం ఎలా ఇవ్వను? "ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవులూ ఆ మాటననేదు" అని బస్సెక్కేశారు. మూడు రోజులు బండి వైపు చూడలేదు. పిన్ని ఆయన వాటా ఇడ్లీలు విడిగా పెట్టి, ఎవరికీ ఇవ్వక, తనూ తినక కూర్చునేది. నాలుగో రోజు టిక్కెట్టు కొనుక్కుని ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. "డ్రైవరు గారూ, క్షమించండి" అనగానే వేలెత్తి పైన బోర్డు చూపించారు. డ్రైవరుతో మాట్లాడరాదు. కొయ్యూరు దాకా నోరు మూసుకున్నాను. అక్కడ దిగాక రెండు టీలు చెప్పి, "ముందు ఆ బొమ్మ మార్చేవా నేదా?" అన్నారు. మర్నాడు పిన్ని ఆయనకి రెండు ఇడ్లీలు ఎక్కువేసింది, బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైంది.

ఇప్పుడు బండికి పిన్ని పేరున్న బొమ్మ ఉంది. నేను విశాఖపట్నంలో వేరే ఉద్యోగంలో ఉన్నాను. డ్రైవరు గారు రిటైరయ్యారు, కానీ ఆయన ఫోన్లో నా పేరు అలాగే ఉండిపోయింది. తిన్నప్పుడల్లా బొమ్మ వెతుక్కోకుండా అదే నొక్కేస్తారు. పొద్దున్నే ముప్పై పడితే, ఆయన కులాసాగా ఉన్నారనుకుని దాన్ని పిన్నికి పంపేస్తాను. మొన్న రెండు వారాలు ఏమీ పడలేదు. నాకు మనసు ఆగక, ఆఫీసు ఫోన్ నుంచి చేసి, "డబ్బులు పడట్లేదేమండీ?" అన్నాను. నేనెవరో చెప్పుకోనిస్తేనా!

"ఎవులయ్యా నువ్వు? డబ్బుల గురించి ఫోన్ సేస్తే పెట్టెయ్యమని మా ఓటీపీ మాస్టారు సెప్పేరు" అని ఠక్కున పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గొంతు మాత్రం ఖంగుమంటోంది. నలుగురిలో ఆయన్ని దొంగన్నవాణ్ణి, ఇన్నాళ్ళకి ఆయన చేత దొంగననిపించుకుని, ఆఫీసులో ఒక్కణ్ణే చాలాసేపు నవ్వుకున్నాను.